హెర్మీన నేల మీద కూర్చుంది

హెర్మీన వొకురెక్ వియన్నాలో ముప్పయ్యేళ్ళు ట్రామ్ నడిపింది. కూర్చుని చేసిన కొలువే అయినా మోకాళ్ళు అరిగిపోయాయి. భర్త పోయాక ప్రతి మంగళవారం నన్ను వెంటబెట్టుకుని మ్యూజియంగా మారిన పాత ప్యాలెస్‌లో గోడల మీది బొమ్మలు చూడటానికి వెళ్ళేది. నేను ఆమె ఎదురింటి గెర్లిందెను. బొమ్మలంటే అన్నీ కాదు, ఒక్కటే: చేప కడుపు చీలుస్తున్న వంటమనిషి.

"ఇంత భవనంలో ఒళ్ళు వంచి పనిచేసే మనిషి ఇదొక్కతే. తక్కినవాళ్ళంతా ముత్యాలేసుకుని కూర్చున్నారు" అనేది.

ఆ నవంబరులో వెళ్ళేసరికి బొమ్మ ఎదుట బెంచీ లేదు.

"బెంచీ ఏదయ్యా?" అని కాపలా ఉన్న స్లావ్కోను అడిగింది.

"తీసేశారమ్మా. ఫొటోలకు అడ్డమొస్తోందట."

హెర్మీన ముఖం జేవురించింది. కోటు విప్పి నేల మీద పరిచి, నా భుజం పట్టుకుని మూలుగుతూ కూర్చుంది.

"లేవండమ్మా, నా మీదికొస్తుంది!"

"రానీ. నేనే మాట్లాడతా."

నల్లకోటు అధికారిణి ఒకామె పరుగున వచ్చింది. "చక్రాల కుర్చీ తెప్పిస్తాం మేడమ్."

"నాకు నడవడం వచ్చు! నిలబడటమే రాదు. ఆ తేడా తెలియని నీకు ఈ భవనం ఎవరు అప్పజెప్పారు?"

చూడవచ్చినవాళ్ళ ఫోన్లన్నీ హెర్మీన వైపు తిరిగాయి.

"తియ్యండి! ముసలిదాన్ని నేల మీద కూలేశారని రాసి మరీ పెట్టండి!"

సిగ్గుతో చచ్చిపోతూ ఆమె చెయ్యి లాగాను.

"కూర్చుంటే కూర్చో, లేదా ఇంటికి పో" అంది. కూర్చున్నాను. నేల మంచుగడ్డలా ఉంది.

అప్పుడామె స్లావ్కో వైపు తిరిగింది. "నీ కుర్చీ ఏది?"

"మావీ తీసేశారు. పొద్దుగూకేదాకా నిలబడటమే."

అంతదాకా అరిచిన మనిషి గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "ఇంతసేపూ చెప్పవేం?"

ఆ చలికాలమంతా తన పేకాట స్నేహితురాళ్ళను తీసుకొచ్చి అక్కడే నేల మీద కూర్చోబెట్టింది. ఇకమీదట లోపలికి రానిచ్చేది లేదని అధికారులు బెదిరించారు. "రానివ్వకపోతే గుమ్మంలో కూర్చుంటాం" అంది. ఈస్టర్ ముందు కాపలావాళ్ళకు కుర్చీలొచ్చాయి. బెంచీ కూడా వచ్చింది గానీ, దాన్ని కిటికీ వైపు తిప్పి వేశారు.

హెర్మీన పళ్ళు నూరింది. "గెర్లిందె, ఆ కొస పట్టుకో."

ఇద్దరం బెంచీని బొమ్మ వైపుకు ఈడ్చాం. చెక్కనేల కీచుమని అరిచింది. స్లావ్కో తన కుర్చీలో కూర్చుని పైకప్పు మీది దేవదూతలను మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఇంకొంచెం ఎడమకి లాగవే" అని హెర్మీన నన్ను కసిరింది.