సుత్తికింద రెండు రాళ్ళు

గునపం అనేది ఆయనకు గనిలో పెట్టిన పేరు. మొండిమనిషి. నోటికంటే ముందు చెయ్యి లేచేది. ఆ గనిలో కూలివాళ్ళను కొట్టి పని చేయించేవారు, వాళ్ళు ఇంటికొచ్చి ఆ కసి ఇంకెవరిమీదో తీర్చుకునేవారు. అక్కడ అందరికీ పుష్కలంగా దొరికినవి దెబ్బలే.

ఒకరోజు ఆయన తమ్ముడికి శనగగింజంత వజ్రం దొరికింది. వెర్రిబాగులవాడు, దాచుకోకుండా పరుగున వెళ్ళి మేస్త్రీ చేతిలో పెట్టాడు. అసలు వజ్రం పగలదని అక్కడందరికీ గుడ్డినమ్మకం. మేస్త్రీ దాన్ని ఇనపదిమ్మె మీద పెట్టి సుత్తితో ఒక్కటేశాడు. రాయి పిండిపిండి అయిపోయింది.

"నాకే గాజుముక్క అంటగడతావురా? అసలుది ఎక్కడ దాచావ్?"

గొలుసులతో చావబాదారు. మోకాళ్ళు విరగ్గొట్టారు. అన్న అడిగితే చెబుతాడని గునపాన్ని పిలిపించారు. తమ్ముడు నెత్తురు కక్కుతూ పాక్కుంటూ వచ్చి ఆయన కాళ్ళు చుట్టుకున్నాడు. "అన్నయ్యా, నాకు దొరికింది అదే. నీ మీదొట్టు."

"పరువు తీశావు కదరా!" అంటూ గునపం కుడికాలితో వాడి రొమ్ము మీద తన్నాడు. సాయంత్రానికి ప్రాణం పోయింది.

ఆ తర్వాత ఆయన గని మానేసి కొలిమి పెట్టుకున్నాడు. తమ్ముడి ఊసెత్తితే కంచం విసిరికొట్టేవాడు. వాడు దొంగ, అందుకే చచ్చాడు. ఆ ఒక్కమాట పట్టుకునే ఇన్నేళ్ళూ అన్నం తిన్నాడు, నిద్రపోయాడు. వాడు దొంగ కాకపోతే తను ఏమవుతాడో ఆయనకు బాగా తెలుసు.

అలాంటి ఇంట్లో కూతురు వజ్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరింది. తన యంత్రంలో పెరిగిన మొదటి రాయిని వాళ్ళు బహుమతిగా ఇస్తే, మురిసిపోతూ కొలిమి దగ్గరికి తెచ్చి చూపించింది. గునపం లాక్కుని దిమ్మె మీద పెట్టి కొట్టాడు. పొడి అయింది.

"చూశావా, గాజు! నువ్వూ మీ బాబాయిలాగే దొంగసరుకు తెచ్చావ్!" చెంప ఛెళ్ళుమనిపించాడు. అమ్మాయి పెదవి చిట్లింది.

ఆమె నెత్తురు తుడుచుకుంది. "గాజు కాదు నాన్నా, వజ్రమే. భూమిలో కోట్ల ఏళ్ళు పట్టేది మా దగ్గర కొన్ని వారాల్లో అవుతుంది. ధర బాగా తక్కువ, తిరిగి అమ్మబోతే ఇంకా తక్కువ. కానీ పదార్థం ఒకటే. కంటికి తేడా తెలీదు, పెద్ద మిషన్లలో పెట్టి చూడాల్సిందే."

"మరి పగిలిందేం?"

"ఏ వజ్రమైనా పగుల్తుంది. ఇంకో వజ్రంతో తప్ప దేంతో గీకినా గీతపడదు గానీ సుత్తిదెబ్బకి ఆగదు. గనిలోదైనా అంతే."

గునపం మొహం పాలిపోయింది. "అబద్ధం!" అని అరుస్తూ, గొడవ విని పరుగెత్తుకొచ్చిన భార్య చెవికమ్మ పట్టి లాగాడు. చెవితమ్మె చిరిగి ఆవిడ కెవ్వుమంది. కమ్మలో రాయి వాళ్ళ అమ్మమ్మ నాటిది, గనిలోంచి వచ్చిందే, అందులో అనుమానం లేదు. దాన్ని ఊడబెరికి దిమ్మె మీద పెట్టాడు.

"నాన్నా, వద్దు," అంది కూతురు.

ఒక్కటే దెబ్బ. అదీ పిండి అయింది.

గునపం ఆ పిండిని చాలాసేపు వేలితో కెలికాడు. "వాడు నిజమే చెప్పాడే," అన్నాడు భార్యతో. "నా మీద ఒట్టేసి మరీ చెప్పాడు."

తర్వాత కుడికాలు ఎత్తి దిమ్మె మీద పెట్టాడు. తల్లీకూతుళ్ళు మీదపడి పట్టుకునేలోపే సుత్తి దిగింది.