కాక రుద్దిన ముక్క

మా ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్ హుజూరాబాద్‌లో చనిపోయారని వాళ్ళ అబ్బాయి రాసిన కార్డు ఈ ఉదయం అందింది. కరీంనగర్ కాలేజీలో అందరం ఆయన్ను కాకా అనే పిలిచేవాళ్ళం. నిజాం కాలంలో ఉర్దూలో నాలుగో తరగతి దాకా చదివారు. అయస్కాంతాల సంగతి మాత్రం నాకన్నా ఎక్కువ తెలుసు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

రోజూ సాయంత్రం అయస్కాంతాలను జతలు జతలుగా పెట్టెలో సర్ది, శక్తి పోకుండా కొసలకు ఇనుప ముక్కలు ఆనించేవారు. ఎవరైనా కింద పడేస్తే, "పసిపోరన్ని ఎత్తేసినట్టు ఎత్తేస్తివి గదరా!" అని కసిరేవారు.

అప్పుడు నేను అక్కడే లెక్చరర్‌గా ఉంటూ పరిశోధన చేస్తున్నాను. హైదరాబాద్ నుంచి మా ప్రొఫెసర్ గారు రెండు పొట్లాల్లో రెండు లోహపు ముక్కలు పంపారు. రెండింటిలోనూ ఇనుము, బోరాన్ సమపాళ్ళే. బోరాన్ అంటే కంసాలులు వాడే వెలిగారంలో ఉండేదే. కాక రెండింటినీ ఒకే అయస్కాంతంతో ఒకే తీరుగా రుద్దారు. దిక్సూచి దగ్గర పెడితే మొదటి ముక్కకు సూది గిర్రున తిరిగింది. రెండోదానికి కదిలీ కదలనట్టు ఊరుకుంది.

"ముక్కలు కలగలిపినవ్ కాకా. ఇది వేరేది," అన్నాను.

"నేను కలుపలే సార్."

నాకు ఒళ్ళు మండింది. ప్రిన్సిపాల్ గారికి ఫిర్యాదు రాశాను. కాలేజీలో ఏ కాగితమైనా తీసుకుపోయేది కాకే కనుక అదీ ఆయన చేతికే ఇచ్చాను. ఇంగ్లీషు చదవలేరు గానీ నా ముఖం చదివారు. "నా మీదనే గద సార్," అని, చేతులు తుడుచుకుని మరీ పట్టుకుపోయారు. ఉద్యోగం పర్మినెంట్ కావాల్సిన ఏడాది అది. మెమో వచ్చింది, పర్మినెంట్ ఆగిపోయింది.

మెమో వచ్చిన సాయంత్రం కూడా పెట్టె సర్దుతూ అన్నారు: "అయస్కాంతాన్ని కొలిమిల కాలిస్తే సచ్చిపోతది గద సార్. ఇనుము యాడికి పోయింది? గదే ఇనుము. లోపట కూసున్న తీరు చెదిరింది, గంతే." నేను తల కూడా ఎత్తలేదు.

పదిహేను రోజులకు ప్రొఫెసర్ గారి ఉత్తరం వచ్చింది. మొదటి ముక్క కరిగించి చేసింది, రెండోది తక్కువ వేడిలో చేసింది. పరమాణువులు అవే, వాటి అమరికే వేరు. అందుకే ఒకటి అయస్కాంతశక్తిని పట్టి ఉంచుతుంది, ఇంకోటి వదిలేస్తుంది. తప్పు నాదని రాసి, ఆ కాగితం నేనే స్వయంగా ప్రిన్సిపాల్ గారికి ఇచ్చి వచ్చాను. మెమో వెనక్కి తీసుకున్నారు. కాక పర్మినెంట్ అయ్యారు.

క్షమించమని అడిగితే, "గదేం లేదు గని సార్, జర పొట్లాల మీద ఎట్ల చేసిండ్రో గూడ రాయుండ్రి. ఇంకొకలు పరేషాన్ గావద్దు," అన్నారు. తర్వాత తనే ఉర్దూలో రాసిపెట్టారు. అప్పటినుంచి ఏది చేతికొచ్చినా ఎట్లా తయారైందని ముందు అడుగుతాను. నా పరిశోధన ఒడ్డెక్కింది ఆ ఒక్క అలవాటుతోనే. ఈ సంగతి ఆయనకు ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

కార్డు చదివాక సొరుగులోంచి ఆ మొదటి పొట్లం తీశాను. కాక రుద్దిన తర్వాత ఆ ముక్కను మళ్ళీ ఎవరూ రుద్దలేదు. దిక్సూచి పక్కన పెట్టాను. సూది తిరిగి, కాసేపు ఊగి, దాని వైపే నిలబడింది.