మేడ మీద వక్రీభవనం

నా కూతురు సందేహం వస్తే మేడ ఎక్కడం మొదలుపెట్టింది ఈ వేసవిలోనే. మేడ మీద ఉండేది మా తోటికోడలు. కింద ఉండేది నేను, అంటే దాని కన్నతల్లిని, పైగా హైస్కూల్లో ఫిజిక్సు చెప్పే టీచర్ని. ముసునూరు దారిలో ఎవరినడిగినా సైన్సు టీచరమ్మ అంటే నా పేరే చెబుతారు, ఒక్క మా ఇంట్లో తప్ప.

పిల్ల ఇప్పుడు పదో తరగతిలోకి వచ్చింది. పది అయితే ఇంటరు, ఇంటరంటే మా వైపు హాస్టలే. ఒకసారి హాస్టలుకి పంపాక ఇక పిల్లలు పండక్కి వచ్చే చుట్టాలైపోతారు. అది చాలా ఇళ్ళలో చూశాను. అందుకని ఈ ఒక్క ఏడాదీ నాదే అనుకున్నాను. సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని ఫిజిక్సు నేనే చెప్పుకోవాలని ఎంతో ఆశపడ్డాను. ఆ సాయంత్రాలన్నీ మా తోటికోడలు మెట్లెక్కించుకుపోయింది. నాకు కడుపు మండదా మరి.

ఇదంతా మామిడిపళ్ళ బకెట్టు దగ్గర మొదలైంది. మా ఆయన ఆగిరిపల్లి వైపు తోటలు కౌలుకు చేస్తారు. సీజన్లో మా ఇంట్లో ఎప్పుడూ ఒక బకెట్టు నిండా చిన్న రసాలు నీళ్ళలో నానుతూ ఉంటాయి. వేడి చెయ్యకుండా ఉంటుందని తినే ముందు అలా వేస్తాం. నా కూతురు అడుగునున్న పండు కోసం చెయ్యి పెట్టింది. పైనుంచి చూస్తే దగ్గరగానే కనిపించిన పండు, తీరా చెయ్యి పెడితే ఇంకా లోతున ఉంది. చొక్కా చెయ్యి భుజం దాకా తడిసింది.

"మమ్మీ, నీళ్ళలోంచి వచ్చేటప్పుడు వెలుగు ఎందుకు వంగుద్ది?" అంది.

ఇన్నేళ్ళుగా చెప్పే పాఠమే కదా, నిద్రలో అడిగినా చెబుతాను. కాంతి ఒక యానకం నుంచి ఇంకో యానకంలోకి పోయేటప్పుడు దాని వేగం మారుతుంది, అందుకని వంగుతుంది, దాన్నే వక్రీభవనం అంటారు అని చెప్పాను.

"వేగం తగ్గితే వంగడం ఎందుకు? నాన్న బ్రేకేస్తే బండి నెమ్మదిస్తది గానీ పక్కకి తిరగదుగా."

"అది పరీక్షలో అడగరు. ముందు సూత్రం నేర్చుకో," అన్నాను. అన్నం పొంగుతోంది, నా తొందర నాది.

"సరే," అంది. పండు తీసుకుని మేడ ఎక్కింది.

మా తోటికోడలు ఎమ్మెస్సీ ఫిజిక్సు. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ టీచరు పోస్టు పరీక్షకి ఇంట్లో కూర్చుని చదువుతోంది. మనిషి నెమ్మది. నన్ను నోరారా "అక్కా" అని పిలుస్తుంది. మా అత్తగారికి ఆవిడంటే ప్రాణం. వేలెత్తి చూపడానికి ఒక్క తప్పు దొరికితే నాకు కొంచెం హాయిగా ఉండేది. ఎంత వెతికినా దొరకలేదు.

ఆ మర్నాడు సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తూ కిందికి చూశాను. ఇంటి వెనక తోటలో నేల దున్ని ఉంది. మా తోటికోడలు నా కూతుర్నీ, పక్కింటి ఆడపిల్లల్నీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా నిలబడమంది. గట్టి నేల మీద నుంచి దున్నిన నేలలోకి నేరుగా కాకుండా ఏటవాలుగా నడవమంది. చివరనున్న పిల్ల ముందుగా దుక్కిలో కాలు పెట్టింది. కాలు దిగబడి నెమ్మదించింది. మిగతావాళ్ళు ఇంకా గట్టి నేల మీదే ఉన్నారు కాబట్టి అదే వేగంతో నడుస్తున్నారు. చేతులు వదలకూడదు. దాంతో వరస మొత్తం తనంతట తనే పక్కకి తిరిగిపోయింది.

"ఎవరైనా తిరగమన్నారా మిమ్మల్ని?" అని అడిగింది మా తోటికోడలు.

"లేదు పిన్నీ," అంది నా కూతురు. దాని మొహం వెలిగిపోతోంది.

"వెలుగు ఒక గీతలాగా రాదు బంగారం. అల కదా, దానికి వెడల్పుంటది. ఏటవాలుగా వస్తే ఒక పక్క ముందు నీళ్ళలో దిగుద్ది. ఆ పక్క నెమ్మదిస్తే రెండో పక్క తిరిగొస్తది. నిటారుగా వస్తే అందరూ ఒకేసారి దిగుతారు, అప్పుడు నెమ్మదిస్తది గానీ తిరగదు. మీ నాన్న బండి లాగా."

బట్టలు గుండెలకి పట్టుకుని అలాగే నిలబడ్డాను. చాలా బాగా చెప్పింది. బాగా చెప్పింది కాబట్టే ఒళ్ళు మండింది. చెత్తగా చెప్పి ఉంటే ఆ రాత్రి నేను సుఖంగా అన్నం తినేదాన్ని. నా క్లాసులో ఎంతమంది పిల్లలు కూర్చున్నారు, ఎన్నిసార్లు నల్లబల్ల మీద ఆ గీత వంచి గీశాను, దుక్కిలోకి తీసుకెళ్ళాలని నాకెందుకు తట్టలేదు?

ఇక చెవులు రిక్కించడం మొదలుపెట్టాను. మెట్ల దగ్గర ఏదో పని కల్పించుకునేదాన్ని. చీపురు పట్టుకుని ఊడ్చిన మెట్లనే మళ్ళీ ఊడ్చేదాన్ని. మా ఇంట్లో ఆ మెట్లు ఎన్నడూ అంత శుభ్రంగా లేవు.

ఒకరోజు పైనుంచి మాటలు వినిపించాయి. అసలు నీళ్ళలోకో గాజులోకో వస్తే వెలుగు ఎందుకు నెమ్మదించాలి, అడ్డం ఎవరు పడుతున్నారు అని నా కూతురు అడుగుతోంది. ఆ ప్రశ్నకి జవాబు నాకూ సరిగ్గా తెలియదు. తెలియదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

"నాకూ కొంచెమే తెలుసు, చూద్దాం పట్టు," అంది మా తోటికోడలు. ఆవిడ ఏది మొదలుపెట్టినా ఇలాగే మొదలుపెడుతుంది. "ఆదివారం చర్చిలో మీ అమ్మ పాట ఎత్తుకుంటది కదా. ఎంత చలాకీగా ఎత్తుకుంటది? రెండో చరణానికి ఏమైద్ది?"

"సాగిపోద్ది," అంది నా కూతురు నవ్వుతూ.

"మీ అమ్మ గొంతు నెమ్మదించిందా? లేదు. ఆవిడ పాట వినగానే మనందరం అందుకుంటాం, కాకపోతే రవ్వంత ఆలస్యంగా. మన గొంతులన్నీ ఆవిడ గొంతులో కలిసేసరికి మొత్తం పాటే వెనకబడి నడుస్తది. గాజులో కూడా అంతే. వెలుగొచ్చి అణువుల్లో ఎలక్ట్రాన్లని ఊపుద్ది. ఊగిన ప్రతి ఎలక్ట్రానూ తన వంతు చిన్న వెలుగు వదులుద్ది, కాస్త ఆలస్యంగా. అవన్నీ అసలు వెలుగుతో కలిస్తే వచ్చే అల నెమ్మదిగా పోతున్నట్టుంటది. బయటికి రాగానే తోడు పాడేవాళ్ళు లేరు కాబట్టి మళ్ళీ మామూలు వేగమే."

చీపురు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాను. పాఠం చెప్పాల్సినదాన్ని నేను. చివరికి పాఠంలో ఉదాహరణనై కూర్చున్నాను. ఆ ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే అదే గుర్తొచ్చింది. ఎవరూ నా వెనకబడకూడదని పంతం పట్టి పరుగులాగా పాడాను. పాస్టరుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

నా కూతురిలో ఇంకో మార్పు వచ్చింది. జడ మానేసి, వాళ్ళ పిన్నిలాగా క్లిప్పు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఉప్పు డబ్బా ఎక్కడుందే అని నేనడిగితే "చూద్దాం పట్టు" అంటుంది. నా కడుపున పుట్టిన పిల్ల నోట్లోంచి ఆవిడ మాట వస్తుంటే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఆవకాయ పెట్టిన రోజు ఆ కోపమంతా బయటపడింది. మా ఇంట్లో ఆవకాయ అంటే అందరం కలిసి చేసే పని. మా ఆయన కాయలు కొడతారు, మా అత్తగారు ముక్కల్లోంచి జీడి తీసి గుడ్డతో తుడుస్తారు, తోటికోడలు కారం, ఆవపిండి, ఉప్పు కలుపుతుంది. నూనె కొలత నాది. పెద్ద స్టీలు డేగిసాలో పప్పునూనె పోసి పెట్టుకున్నాం, గానుగ నుంచి తెచ్చిన నువ్వుల నూనె. కొలవడానికి నా గాజు గిన్నె తెచ్చుకున్నాను. అది స్కూల్లో మంచి టీచరని నాకు బహుమతిగా ఇచ్చింది, పొయ్యి వేడికి కూడా పగలని రకం. పువ్వులూ గీతలూ ఏమీ లేకుండా తేటగా ఉంటుంది. నిజం చెప్పొద్దూ, కొలవడానికి గరిటె చాలు. ఆ గిన్నె అందరి కళ్ళా పడాలని తెచ్చాను.

మా అత్తగారు వెల్లుల్లి తెమ్మంటే లోపలికి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి గిన్నె లేదు. అరుగు మీద పెట్టానని నాకు బాగా గుర్తు. డేగిసాలోకి తొంగి చూశాను. నూనె తేటగా ఉంది, అడుగున స్టీలు మెరుస్తోంది, అంతే.

"నా గిన్నె తీశావా?" అని తోటికోడల్ని అడిగాను.

"లేదక్కా," అంది. మోచేతుల దాకా కారమే ఆవిడకి.

"ఇక్కడున్నది మనమేగా. కాళ్ళొచ్చి నడిచెళ్ళిందా?"

"నేను చూళ్ళేదక్కా."

"నావన్నీ నీకే కావాల్సొస్తాయి," అన్నాను.

మా ఆయన కత్తి ఆపారు. మా అత్తగారు "గిన్నె కోసం ఏంటమ్మా ఆ మాటలు," అన్నారు. అది గిన్నె గురించి అన్న మాట కాదని మా అత్తగారికి తప్ప అందరికీ అర్థమైంది. తోటికోడలు తల వంచుకుని కారం కలుపుతోంది. నా కూతురు ఎవరి వైపూ చూడకుండా చేతులు తుడుచుకుని, పొడి గరిటె తీసుకుని డేగిసాలో పెట్టింది. నూనె మధ్యలో, ఏమీ లేని చోట, గరిటె దేనికో టంగుమని తగిలింది. మెల్లిగా పైకెత్తింది. నూనెలోంచి ముందు ఒక గాజు అంచు పుట్టింది, ఆ తర్వాత గిన్నె మొత్తం పుట్టింది.

అందరూ నవ్వారు. అరుగు మీద పెట్టాననుకుని నేనే దాన్ని నూనెలో వదిలేసి వెళ్ళాను. నాకు తల కొట్టేసినట్టయింది. నా కూతురు వాళ్ళ పిన్ని వైపు తిరిగింది, ఎందుకిలా అన్నట్టు. ఆవిడకి జవాబు తెలుసు. నా వైపు చూసి "మీరు చెప్పండక్కా," అంది. నాకు ముష్టి వేసినట్టు అనిపించింది. అయినా చెప్పాను. ఆ గాజుకీ పప్పునూనెకీ వక్రీభవన గుణకం దాదాపు ఒకటే, రెండింటిలోనూ వెలుగుది ఒకే వేగం, అందుకని ఆ అంచు దగ్గర వంగదు, వెనక్కీ మళ్ళదు, మరి కంటికేం తెలుస్తుంది అన్నాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

"ఓ," అంది నా కూతురు. గిన్నె పట్టుకుని, "పిన్నీ, కొబ్బరి నూనెలో కూడా చూద్దామా?" అంది.

ఇక ఆగలేకపోయాను. జాడీలకి గుడ్డలు కట్టాక దాన్ని గదిలోకి పిలిచి అడిగేశాను. నేను తప్పు చెప్పానా, నాకు రాదా, నన్నెందుకు అడగవు అని.

అది క్లిప్పు తీసి మళ్ళీ పెట్టుకుంది. కోపం లేదు దాని మొహంలో. "నువ్వు కరెక్టుగానే చెప్తావు మమ్మీ. కానీ నిన్నడిగితే ప్రశ్న అక్కడితో అయిపోద్ది," అంది.

ఆ మాట పట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఒక సాయంత్రం నేను మంచం మీద కూర్చుని చేటలో మినప్పప్పు ఏరుతున్నాను. అది మేడ ఎక్కబోతూ మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. అలవాటు కొద్దీ అడిగిందో, జాలిపడి అడిగిందో తెలియదు.

"మమ్మీ, నూనె నీళ్ళ మీద తేలుద్దిగా. అంటే నూనే తేలిక. మరి వెలుగు నీళ్ళలో కన్నా నూనెలో ఎందుకు ఎక్కువ నెమ్మదిస్తది?"

జవాబు నాలుక చివరే ఉంది. దృక్ సాంద్రత వేరు, మామూలు సాంద్రత వేరు. ఎన్నో బ్యాచ్‌లకి చెప్పాను, అందరూ తల ఊపి రాసుకున్నారు. ఇదీ "సరే" అనేది, మేడ ఎక్కేది. కానీ వేరు అని పేరు పెట్టడం తప్ప, ఎందుకు వేరో నేనెప్పుడైనా ఆలోచించానా? నోటి దాకా వచ్చిన దాన్ని బలవంతాన మింగాను. పళ్ళు పీకించుకున్నా అంత బాధ ఉండదు.

"నాకు తెలీదే," అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. మెట్టు మీద పెట్టిన కాలు తీసి, వచ్చి నా పక్కన కూర్చుంది. పప్పులో వేళ్ళు పెట్టి కెలుకుతూ, పైకి తలెత్తి, ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచింది.

"పిన్నీ, కిందికి రా. మమ్మీకి కూడా తెలీదంట."

ఊరందరికీ వినపడి ఉంటుంది. మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు వినిపించగానే మళ్ళీ కడుపు భగ్గుమంది. చేట ఒళ్ళోకి లాక్కుని, మంచం మీద ఆవిడకి చోటిచ్చాను, నా కూతురికి అటువైపు.