కితేరియా చెక్కిన చెయ్యి

మా ఆయన అదౌతోకు పునీత లాజరు మీద నమ్మకం లేదు. ఆయన మీద ఆధారపడి మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళు బతికాడు. గుడి మెట్ల పక్కన కూర్చుని, జబ్బు నయమైనవాళ్ళ కోసం ఉంబురానా కర్రతో కాళ్ళూ చేతులూ తలలూ చెక్కేవాడు. మోకాలు బాగుపడితే మోకాలు, రొమ్ములో గడ్డ కరిగితే రొమ్ము. వాటిని గుడిలోని అద్భుతాల గదిలో వేలాడదీసి జనం మొక్కు తీర్చుకునేవాళ్ళు.

"మీ పునీతుణ్ణి చూడు, చంకకర్రల మీద నిలబడ్డాడు. తన కాళ్ళే బాగుచేసుకోలేనివాడు ఈవిడ మోకాలు బాగుచేశాడట," అని నా చెవిలో అనేవాడు. అదే నోటితో ఆవిడ వైపు తిరిగి, "పుండు ఏ వైపుండేదమ్మా? సరిగ్గా చెప్పు, అక్కడే పెడతాను," అనేవాడు.

నమ్మకం లేని మనిషికి నియమాలు మాత్రం ఉండేవి. ఫాదరుగారికి కూడా అంత పట్టింపు లేదు. నయం కానిదానికి బొమ్మ చెక్కకూడదు. ఎవరి మొక్కు బొమ్మ వాళ్ళే చెక్కుకోకూడదు. తన పెళ్ళికి తనే సాక్షి సంతకం పెట్టుకున్నట్టుంటుందట.

నయమైనవాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకునేవాడు. నయం కానివాళ్ళకు చంకకర్రలు చేసి ఊరికే ఇచ్చేవాడు. ఊళ్ళో దాన్ని దయ అనేవారు. దయా లేదు, పాడూ లేదు. కోపం. ఆయన అన్న ఎవాల్దో కాళ్ళు చచ్చుబడి పన్నెండేళ్ళు నేల మీద పాకి, అలాగే చచ్చిపోయాడు. తల్లి మొక్కని రోజు లేదు. పదిమంది కొయ్యకాళ్ళు చెక్కే ఊళ్ళో అతనికి ఒక్క జత చంకకర్రలు చేసినవాడు లేడు. అందుకని మా ఆయన పునీతుడికి పోటీగా దుకాణం పెట్టాడు. "ఆయన వదిలేసినవాళ్ళు నా దగ్గరికొస్తారు. రద్దీ నా దగ్గరే ఎక్కువ," అని గొప్పలు పోయేవాడు.

మెట్లకు అటువైపు కితేరియా కూర్చుని అదే పని చేసేది. ఆవిడ చెక్కిన చేతులు కర్రపెండలం దుంపల్లా ఉంటాయని మా ఆయన యాత్రికుల ముందే అనేవాడు.

"దుంపలే, అన్నా," అనేది ఆవిడ. "నీవి మరీ నాజూకు. జబ్బు చేసిన చెయ్యంటే పునీతుడు నమ్మడు పాపం."

అరవై మూడో ఏట మా ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట కర్ర పచ్చిదన్నాడు. తర్వాత కత్తి పిడి వదులన్నాడు. చివరికి నా కాఫీ చిక్కనన్నాడు. ఊరంతా చూసింది, చూసి ఊరంతా కర్రనే తిట్టింది. మా ఊరి మర్యాద అది. మనిషి పరువు పోతుంటే అందరూ మబ్బుల వైపు చూస్తారు.

అప్పుడే బెలార్మీనోను అతని కూతురు తోపుడుబండిలో కూర్చోబెట్టి తెచ్చింది. ఇటుకబట్టీ గోడ కూలి అతని కాలు నలిగింది. జూన్ పండుగలోపు సొంతంగా నడిచొస్తే సంతలో కాటా దగ్గర పని ఇస్తామన్నారట. మా ఆయన చంకకర్రలకు కొలతలు తీశాడు. మూడు వారాల్లో రెండు జతలు పాడుచేశాడు.

నేను ఆయనకు చెప్పకుండా గుడికి వెళ్ళి మొక్కుకున్నాను. ఈ జత పూర్తయ్యేదాకా ఆ చెయ్యి నిలిపితే, మా ఆయనే కొయ్య చెయ్యి తెచ్చి సమర్పిస్తాడని. మా దగ్గర ఒకరి కోసం ఇంకొకరు మొక్కొచ్చు; తీర్చాల్సింది మాత్రం ఒళ్ళు ఎవరిదో వాళ్ళే. భార్యల సౌకర్యం కోసం పుట్టిన ఆచారం అయ్యుంటుంది.

అదే వారం ఆరోగ్య కేంద్రంలో మాత్రలూ ఇచ్చారు. తొమ్మిది రోజులు చెయ్యి నిలిచింది. బెలార్మీనో మా గడప దాటి నడిచి వెళ్ళాడు. ఆ సాయంత్రం మొక్కు సంగతి చెప్పాను.

"నీ మొక్కు, నువ్వే తీర్చుకో."

"వణికింది నా చెయ్యి కాదుగా."

"ఆపింది మాత్రలు."

"అయితే తీర్చకు. మళ్ళీ వణికితే మాత్రల్నే అడుగు."

రెండు రోజులు ఆయన తిండి సరిగ్గా తినలేదు. చంకకర్రల కోసం ఇంకా నలుగురు ఎదురుచూస్తున్నారు. నమ్మినవాడు భయపడితే దేవుడికి చెప్పుకుంటాడు. నమ్మనివాడి భయానికి ఆ గుమ్మం కూడా లేదు. మూడోరోజు దొడ్లో కూర్చుని దొంగచాటుగా తన చెయ్యి తనే చెక్కుకోబోయాడు. "సాక్షి సంతకమా?" అన్నాను. కత్తి కింద పెట్టేశాడు. ఊళ్ళో మిగతా చెక్కేవాళ్ళు కొందరు పోయారు, కొందరు ప్లాస్టిక్ బొమ్మలు అమ్ముకుంటున్నారు. మిగిలింది కితేరియా ఒక్కతే.

వెళ్ళి ఆవిడ ముందు పీట మీద కూర్చున్నాడు. నేను వెనకాల నిలబడ్డాను.

"ఏం అన్నా, దారి తప్పావా?"

"ఒక చెయ్యి కావాలి. కుడిది."

"ఎవరికి?"

ఆయన తన చెయ్యి ఆవిడ బల్ల మీద పెట్టాడు. పెట్టగానే అది వణికింది. ఆవిడకున్న కసికి అది పండగే. అయినా నవ్వలేదు.

"నయం కాలేదుగా ఇది. నయం కానిదానికి చెక్కకూడదని పదిమందిలో నన్ను తిట్టింది నువ్వే."

"సగం నయమైంది. తొమ్మిది రోజులు నిలిచింది. ఇప్పుడు అప్పుడప్పుడూ నిలుస్తోంది." ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, "పూర్తిగా పోతే నేనేం చెయ్యాలో తెలీదు కితేరియా," అన్నాడు.

నలభై ఏళ్ళ కాపురంలో ఆ మాట నాతో అనలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా తిడుతున్న మనిషితో అన్నాడు.

"అయితే సగమే చెక్కుతాను," అంది ఆవిడ.

బొటనవేలూ చూపుడువేలూ నునుపుగా తీసింది. మిగతా మూడూ మొద్దులోంచి బయటికి రానే లేదు. ఉలి దెబ్బలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆవిడ చేతిలో అలాంటిది పుట్టలేదు. అద్భుతాల గదిలో వేలాడదీస్తే, సొంత మొక్కులు మరచిపోయి జనం దాని ముందు ఆగారు.

"నువ్వు చెక్కిందేనా పెద్దాయనా?" అని ఒకావిడ అడిగింది.

"కాదు. కితేరియా. నేను ఊరికే కూర్చున్నాను."

ఇంటిదాకా ఆ బొమ్మకు గోరు తప్పుగా చెక్కిందని సాధిస్తూనే ఉన్నాడు.

సోమవారం కొలత తాడు జేబులో పెట్టుకుని మళ్ళీ ఆవిడ దగ్గరికే వెళ్ళాడు.

"నలుగురున్నారు. నేను కొలుస్తాను, నువ్వు కొయ్యి."

"ఊరికే చేసి ఇవ్వడం నాకు అలవాటు లేదన్నా."

"మొదటి జతకే కష్టం. తర్వాత కోపం వస్తుంది, అదే చేయిస్తుంది."

రెండేళ్ళు అలా జరిగింది. ప్రతి జతకూ పోట్లాడుకున్నారు. పదకొండు జతలు వెళ్ళాయి. పన్నెండో మనిషి కొలత తీసి, చెయ్యి ఆడక నాచేత రాయించి, ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు. కాగితం తీసుకెళ్ళి కితేరియాకు ఇచ్చాను.

"తప్పు కొలత వదినా. ఇంత పొడుగు మనిషి ఎవరుంటారు? చివర్లో అన్నకు చూపు కూడా పోయింది."

మనిషిని పిలిపించి గోడకు ఆనించి నిలబెట్టాం. కొలిచాం. అతను నిజంగానే అంత పొడుగు.