చుట్టల కుండ మీది తడిగుడ్డ

మొన్న కార్తీకమాసపు ముసురులో, తిరుపతిలో మా అమ్మాయి ఇంట్లో బీరువా మీద దుమ్ము తుడుస్తుంటే, మడత దుప్పటి వెనక ఒక చెక్కపెట్టె చేతికి తగిలింది. మూత ఎత్తాను. తడి పొగాకు వాసన, అందులో కాస్త బెల్లపు తీపి, కాస్త కొత్త చెక్క ఘాటు కలిసి గుప్పుమనేసరికి స్టూలు దిగి, పెట్టెను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. లోపల బొటనవేలంత లావు చుట్టలు, ఒక్కోదానికి ఒక మెరుపు కాగితపు పట్టీ. మూత లోపలి వైపు తడి స్పాంజి ఒకటి, గడియారానికి ఉన్నట్టు చిన్న ముల్లు ఒకటి. మా అల్లుడు నా కంటపడకుండా దాచుకున్న సరుకు. అల్లుడితో నేను ఎదురుగా మాట్లాడను, మా పద్ధతి అది. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నా అమ్మాయినే అడిగాను.

"ఏం మే, ఈ ముల్లు దేనికి?"

"లోపల తేమ ఎంతుండాదో సూపిస్తాదంట మా. ఎండితే పగిలిపోతాయంట, తడి ఎక్కువైతే బూజు పడతాయంట."

"ఎవరో ఇచ్చినారు, ఊరికే పెట్టినాను, నేను తాగను" అన్నాడు అల్లుడు గోడతో చెప్పుకుంటున్నట్టు.

ఇంకో రోజైతే దుబారా గురించి నాలుగు మాటలు గోడకే అప్పజెప్పి ఉండేదాన్ని. ఆ రోజు ఆ ముల్లునే చూస్తూ కూర్చున్నాను. ఆ ముల్లు చూపించేది నాకు తొమ్మిదేళ్లకే రెండు వేళ్లతో తెలుసు.

మాది నగరి దగ్గర చిన్న పల్లె. నాయన చెరకు పండించేవాడు, కాలం వచ్చినప్పుడు గానుగ దగ్గర బెల్లం వండేవాడు, ఇంటికి వచ్చేసరికి ఆయన ఒంటి మీద చెమట కూడా తియ్యగా వాసన కొట్టేది. ఆయన తాగే చుట్టలు అమ్మే చుట్టేది. సంతలో తెచ్చిన పొగాకు ఈనెలు తీసి, పలచటి బెల్లంనీళ్లు చిలకరించి, మధ్యాహ్నం ఎండ దిగాక తిన్నె మీద కాళ్లు చాపుకొని, తొడ మీద దొర్లించి, చివర గంజితో అతికించి, మగ్గాల ఇంటి నుంచి తెచ్చుకున్న ఎర్ర నూలు తెగలతో పదేసి కలిపి కట్టేది. పక్కన నేను అచ్చనగాయలు ఆడుకుంటూ, రాయి ఎగరేసినప్పుడల్లా ఆమె చేతుల వైపు ఒక చూపు చూసేదాన్ని.

చుట్టడం ఒక ఎత్తు, వాటిని కాపాడటం ఒక ఎత్తు. మంచినీళ్ల కుండ కింద ఎప్పుడూ తడిగా ఉండే ఇసుక ఉండేది కదా, ఆ ఇసుకలోనే ఇంకో చిన్న కుండను సగం వరకు పూడ్చి, లోపల ఎండిన అరటిపట్ట పరిచి, చుట్టలు పేర్చి, మూతికి తడిగుడ్డ కప్పేది. మా వైపు ఎండలకు పొద్దున తడిపిన గుడ్డ మధ్యాహ్నానికి అప్పడంలా బిగిసిపోతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గుడ్డ తడపడం నాకు అప్పజెప్పింది.

"సెవి కాడ పెట్టి నొక్కు. గరగరమంటే దానికి దప్పికని. సప్పుడు లేకుండా అణిగి, మళ్లా లేస్తే సరిగ్గా ఉండాదని" అని ఒక చుట్టను నా చెవికి ఆనించింది. దాని చల్లదనం, ఆమె వేళ్ల గంజి వాసన ఇప్పటికీ ఆ చెవి దగ్గరే ఉన్నాయి.

ఆ ఏడు గంగజాతరకు అమ్మ నిండు నెలలతోనే అంబలి కాచి, ఎర్రగడ్డలు తరిగి వేసి, వచ్చిన వాళ్లందరికీ పోసింది. జాతరైన వారానికి కాన్పు కష్టమై అమ్మ చనిపోయింది. బిడ్డా దక్కలేదు. వంటకు మనిషి కావాలని నన్ను మూడో తరగతిలో బడి మాన్పించారు.

కుండలో అమ్మ చుట్టినవి నాలుగు కట్టలు మిగిలాయి. నాయన బీడీలకు మారిపోయి, వాటిని మాత్రం అమావాస్యకు ఒక్కటి చొప్పున తాగడం పెట్టుకున్నాడు. "ఏం అప్పా, పెండ్లాం సుట్టలకు పూజ గూడా సేస్తాండావా?" అని తిన్నె మీద ఎవరో ఎగతాళి చేస్తే నవ్వేశాడు. నాతో మాత్రం, "ఎండనీయొద్దు పాపా. మీ అమ్మ సేతివి మళ్లా రావు" అన్నాడు.

నేను ఎండనివ్వలేదు. ఆట మధ్యలో లేచి పరుగెత్తి గుడ్డ తడిపి వచ్చేదాన్ని. వేసవి పోయింది, వానలు దిగాయి. మట్టిగోడలు చెమర్చాయి, జాడీలో ఉప్పు నీరుకారింది, అగ్గిపుల్ల గీస్తే మందు ఊడి వచ్చేది. నేను మాత్రం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గుడ్డ తడుపుతూనే ఉన్నాను. అమ్మ నాకు చెప్పిపోయిన పని అదొక్కటే.

కార్తీక అమావాస్య నాడు మధ్యాహ్నం ముద్ద తిని, నాయన చెయ్యి కడుక్కొని కుండ మీది గుడ్డ తీశాడు. లోపల చుట్టలు కనపడలేదు. దూది పరిచినట్టు తెల్లటి బూజు.

మమ్మల్ని చూడటానికి వచ్చిన మా మేనత్త నోటి మీద చెయ్యి వేసుకుంది. "వానాకాలంలో గుడ్డ తడుపుతారా మే! మీ అమ్మ వాన పడతానే గుడ్డ తీసేసి, తేమ పీల్చేదానికి ఏయించిన బియ్యం మూట గట్టి లోపల ఏసేది గదా!"

"నాకు సెప్పలేదత్తా" అన్నాను.

నిజమే, చెప్పలేదు. అమ్మ నాకు ఎండాకాలం వరకే నేర్పింది.

నాయన ఒక చుట్ట తీసి పైగుడ్డతో తుడిచాడు. అగ్గిపుల్లకు అది అంటుకోలేదు. పొయ్యిలోంచి నిప్పు తెచ్చి పెట్టాడు. కుళ్లిన ఆకు వాసనతో పొగ లేచింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి కళ్లు ఎర్రబడినా ఆయన పారెయ్యలేదు.

"బాగనే ఉండాది పాపా. మీ అమ్మ సుట్టే" అన్నాడు.

చివరిదాకా తాగి, కుండ ఎత్తుకొని వానలోనే చెరకు తోటలోకి వెళ్లాడు. ఒట్టి చేతులతో తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఆయన నోట బీడీ కూడా నేను చూడలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. ఒక దెబ్బ వేసి ఉంటే అది అక్కడితో అయిపోయేది. సగం నేర్చుకున్న పని ముట్టుకోవద్దని నా పిల్లలను జీవితమంతా కసిరాను. ఎందుకో వాళ్లకు తెలియదు.

ఇప్పుడు మా పల్లెలో గానుగ లేదు, తిన్నెలు కొట్టేసి మెట్లు కట్టుకున్నారు, చేతిమగ్గాలు ఆడిన ఇళ్లలో మరమగ్గాల మోతకు మాట వినపడదు. మంచినీళ్లు ప్లాస్టిక్ క్యానులో వస్తాయి. దాని కింద ఇసుక ఉండదు.

పెట్టె దొరికిన ఆ రోజు బయట వాన ఆగలేదు. పెట్టెలో ముల్లు సరైన తేమ చూపించే గీత దాటి పైకి పోయి ఉంది. అల్లుడు అది చూడకుండానే, వారానికొకసారి అలవాటు కాబోలు, స్పాంజి మీద నీళ్లు పొయ్యడానికి చిన్న సీసా తీశాడు.

"నీళ్లు పొయ్యొద్దండి!" అన్నాను. ఇన్నేళ్లలో ఆయనతో నేను ఎదురుగా అన్న మొదటి మాట.

ఆయన సీసా పక్కన పెట్టేశాడు. స్పాంజి తీసి, గట్టిగా పిండి, ఫ్యాను కింద ఆరేశాను. వంటింట్లో గుప్పెడు బియ్యం వేయించి, చల్లార్చి, గుడ్డలో మూటకట్టి, చుట్టల పక్కన పెట్టి మూత వేశాను. సాయంత్రానికి ముల్లు మళ్లీ గీత మీదికి దిగిందని అమ్మాయి చెప్పింది. నేను ముల్లు చూడలేదు. ఒక చుట్ట తీసి చెవి దగ్గర పెట్టుకొని నొక్కాను. చప్పుడు లేకుండా అణిగింది, మళ్లీ లేచింది.

అరవై ఏళ్ల కిందట మా ఇంట్లో చెయ్యాల్సిన పని, ఎవరి చుట్టలకో చేశాను.