గీతలు లేని మూడు పేజీలు

పొద్దున కాఫీ అయ్యాక నేను చిక్కుడుకాయల బుట్ట ఒళ్లో పెట్టుకుని గింజలు ఒలిచేదాన్ని. మా ఆయన ఒత్తావియో ముందురోజు అనువదించిన పేజీలు పైకి చదివేవారు. నలభై ఏళ్లు అలాగే గడిచాయి. ఇప్పుడు చదివి వినిపించేవారు లేరు.

ఇటలీలో మా ఊరు ట్రియెస్తె రేవులో గుమాస్తాగిరీ చేస్తూనే ఆయన నాలుగు నవలలు రాశారు, జర్మన్ పుస్తకాలు ముప్పై దాకా ఇటాలియన్‌లోకి తెచ్చారు. వింటూ వింటూ నా చేయి ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ వాక్యం తిరగరాసేవారు.

"ఏమే, ఆగావు?"

"మూడో తరగతితో చదువు ఆపినదాన్ని, నన్నడిగితే ఏం లాభం?"

"అందుకేగా అడిగేది! ప్రొఫెసర్లయితే అర్థం కాకపోయినా తలూపుతారు."

చివరి పుస్తకంలో ఆఖరి మూడు పేజీలు నాకు వినిపించకముందే, ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయారు.

నిన్న ప్రచురణకర్త బలెస్త్రా ఆ కాగితాల కోసం వచ్చాడు.

"పూర్తయినట్టేగా, సిన్యోరా?"

"ఎక్కడ నాయనా! ఈ మూడింటికీ గీతల్లేవు. నువ్వు చదువు," అని బుట్ట తెచ్చుకున్నాను.

అతను చదివాడు. ఓడ దిగి ఇల్లు చేరిన ముసలాయన, భార్య నిద్ర చెడుతుందని తలుపు తట్టకుండా గడప మీదే కూర్చుంటాడు. అక్కడ నా చేయి ఆగింది.

బలెస్త్రా పెన్సిల్ అందుకున్నాడు. "ఇక్కడ మార్చాలా?"

"వద్దు. అర్థమయ్యే ఆగాను."

ఆ పేజీలు ఆయన రాసినట్టే అచ్చుకు వెళ్లాయి. బుట్టలో మిగిలిన కాయలు మాత్రం ఈరోజు కూడా ఒలవలేదు.