కొయ్య మొహానికి పసుపు

ఇన్నాళ్లూ ఈ సంగతి రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు రాయడం రాదు. చిన్నప్పుడు మేకలు కాశాను, పెళ్లయ్యాక తోటపని చేశాను. అరవై దాటాక చర్చి వెనక గదిలో పాస్టరమ్మ అక్షరాలు దిద్దించింది. బైబిల్ వాక్యం చదువుకుందామని నేర్చుకున్నాను. నా మాటలు కూడా రాసుకోవచ్చని తర్వాత తెలిసింది.

నాచారంలో ఫ్యాక్టరీల సందు చివర టికీ హోటల్ ఉండేది. ఎక్కడో పెద్ద సముద్రం నడుమ దీవుల్లో ఇళ్లు అట్లా ఉంటాయని హోటల్ యజమాని సారు కట్టించాడు. వెదురు గోడలు, తాటాకు కప్పు, కొబ్బరి చిప్పలో పళ్లరసం, దాని మీద కాగితం గొడుగు. దేవగన్నేర్లు, అరటిచెట్లు, క్రోటన్లు, ఆ తోటంతా నా చేతిది. వాకిట్లో నిలువెత్తు కొయ్య మొహం మాత్రం మా ఆయన చెక్కింది. ఆయన వడ్రంగి. సముద్రం చూసినవాడు కాదు. సారు ఇచ్చిన బొమ్మలో ముక్కు సరిగ్గా కనబడలేదని, అద్దంలో చూసుకుంటూ తన ముక్కే చెక్కాడు.

నోరు తెరిచి, గుడ్లు ఉరిమి చూసే ఆ మొహాన్ని పనివాళ్లు పోతరాజు అనుకున్నారు. మొదటి బోనాలకే వంటాయన పసుపు రంగు వేసి, మీసాలు దిద్ది, బొట్టు పెట్టాడు. సారు కేకలేశాడు గానీ, వచ్చినవాళ్లంతా మెచ్చుకోవడంతో ఊరుకున్నాడు. ఆ తర్వాత ఏటేటా ఒక పూత. మేం క్రైస్తవులం, నేను ఏనాడూ చెయ్యి వేయలేదు. పైగా కోపం, మా ఆయన పనితనం కనబడకుండా చేస్తున్నారని. ఆయన మాత్రం నవ్వేవాడు.

"పూయనియ్యి. నా ముక్కు యాడికి పోతది?"

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఫోటో అంటే ఆధార్ కార్డులోదే. అందులో ఎవరో గద్దించినట్టు బెదిరి చూస్తుంటాడు. అది చూస్తే మనిషి గుర్తుకు రాడు.

మొన్న వానాకాలం హోటల్ అమ్ముడుపోయింది, వారంలో కూల్చేస్తారని తెలిసింది. అంతకు ముందే మూలమూలా ఫోటోలు తీసి పెట్టుకుందామని సారు కూతురు కెమెరాతో వచ్చింది. నన్నూ పిలిచింది. ఉప్పల్ నుంచి షేర్ ఆటోలో వెళ్లాను. వంటాయన అప్పటికే అక్కడున్నాడు.

"బిడ్డా, ఆ రంగంతా గీకి, మీ మామ ముక్కు ఒక్కటి ఫోటో తీసిస్తవా?" అని అడిగాను.

"తప్పకుండా ఆంటీ. అసలు చెక్క కనపడితే ఇంకా బాగుంటుంది" అంది.

వంటింట్లోంచి చాకు తెచ్చి ఎడమ చెంప దగ్గర మొదలుపెట్టాను. పసుపు, ఎరుపు, మళ్లీ పసుపు, పెచ్చులు పెచ్చులుగా రాలింది.

"ఏంది వదినె, బతికున్నప్పుడు అన్నకు ఎన్నడన్న గడ్డం గీకినవా?" అన్నాడు వంటాయన.

"నువ్వు పెట్టిన మీసాలే గదా గీకాల్సొచ్చింది!"

ఆ మాట అంటుండగానే చాకు సగం దాకా లోపలికి దిగిపోయింది. మట్టి రాలింది. చెదలు.

వంటాయన నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు వదినె. లోపలంత డొల్లనే. రంగే నిలబెట్టింది. ముక్కు మీద చెయ్యి పెట్టకు, రాలిపోతది."

అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్లు నేను కోపగించుకున్న పూతలే ఆ ముక్కును కాపాడాయి. నేను లేచి ఆ కొయ్య చుట్టూ ఒకసారి తిరిగాను. పక్క నుంచి చూస్తే మీసం కనబడలేదు. అదే వెడల్పు ముక్కు, చెక్క నునుపు చేసే రంధా పట్టినప్పుడు వంచుకునే మొహం.

"ఇక్కడ్నుంచి తియ్యి బిడ్డా. రంగుతోనే తియ్యి."

తీసింది. దేవగన్నేరు పూలు కూడా పడ్డాయి. నా ఫోనుకు పంపింది.

ఆ రాత్రి మబ్బు పట్టింది. చాకు దిగిన చెంపలోకి నీళ్లు పోతాయని నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి మొదటి ఆటోలో వెళ్లి, ఇంట్లోని పసుపు నూనెలో కలిపి, గీకిన చోటంతా నా చేత్తో మెత్తాను. మీసాల జోలికి మాత్రం పోలేదు.